లాజిక్ ప్రోగ్రామింగ్‌లో (నిజాలు, రూల్స్ రాసి కొత్త నిజాలు రాబట్టే పద్ధతి) ఒక రూల్‌లో రికర్షన్ (రూల్ తిరిగి తనమీదే ఆధారపడటం), "కాదు" రెండూ ఉంటే దాని అర్థం ఏమిటి?

"ఎక్స్ నుంచి వైకి ఎత్తు ఉండి, వై గెలుపు కాకపోతే ఎక్స్ గెలుపు" అనే రూల్‌నే తీసుకోండి. ఎక్స్, వై అంటే ఇద్దరు ఆడే ఆటలోని స్థితులు, ఎత్తు అంటే ఒక స్థితి నుంచి మరోదానికి కదలిక, గెలుపు అంటే అక్కడ ఆడాల్సినవాళ్లు గెలిచే స్థితి. "కాదు" లేని రూల్స్‌ని కొత్త నిజాలు ఆగేదాకా వర్తింపజేస్తే ఒకే కనిష్ఠ నమూనా (రూల్స్‌ని తీర్చే అతిచిన్న నిజాల సమితి) వస్తుంది. ఇక్కడ అలా కుదరదు, ముందు రాసుకున్న నిజం తర్వాత చెల్లకుండా పోవచ్చు.

రికర్షన్ చక్రంలో "కాదు" లేకపోతే రూల్స్‌ని అంతస్తులుగా విడదీసి, కింది అంతస్తు పూర్తయ్యాకే పైదానిలో "కాదు" లెక్కించాలి.

చక్రంలో ఉంటేనే చిక్కు. అ, ఆ అనే రెండు స్థితుల మధ్య అ నుంచి ఆకి, ఆ నుంచి అకి మాత్రమే ఎత్తులున్నాయనుకోండి. 1988లో గెల్ఫాండ్, లిఫ్‌షిట్జ్ ప్రతిపాదించిన స్థిర నమూనాలు ("కాదు"లను తమ ప్రకారమే లెక్కిస్తే రూల్స్ నుంచి సరిగ్గా తామే తిరిగొచ్చే నిజాల సమితులు) రెండొస్తాయి: ఒకదానిలో అ గెలుపు, మరోదానిలో ఆ. నిజం, అబద్ధం, అనిర్ణీతం అని మూడు విలువలుండే వెల్-ఫౌండెడ్ అర్థంలో రెండూ అనిర్ణీతం. ఆటలో డ్రా అంటే సరిగ్గా అదే కాబట్టి ఇక్కడ ఇదే నప్పుతుంది. "పి కాకపోతే పి" రూల్ ఉండి, పికి వేరే ఆధారం లేకపోతే మొత్తం ప్రోగ్రామ్‌కే స్థిర నమూనా ఉండదు.