ఆ ఒకటిన్నర పుట తీసెయ్

చిరంజీవికి ఆశీస్సులు.

'సముద్ర మౌనం' సినిమా మీద నీ వ్యాసం అందింది. వాక్యం శుభ్రంగా రాస్తున్నావు. కాని ఆరు పుటల్లో పదకొండుసార్లు "ఆమె మౌనం మాట్లాడుతుంది" అన్నావు; పన్నెండోసారి ఆ మౌనం గర్జించింది కూడా. అక్కడే కాగితాలు పక్కన పెట్టి ఈ ఉత్తరానికి కూర్చున్నాను. నాయనా, ఆ సినిమాలోని పిల్ల మాట్లాడదు. ఫ్రెంచి దర్శకుడు మెల్విల్ 1949 నాటి ఆ సినిమా నిలబడింది ఆ ఒక్క సంగతి మీదే.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్సులో ఒక పల్లెటూరి ఇంటి మేడగదిలో జర్మన్ అధికారి దిగుతాడు. యూనిఫాం ఆ ఇంటివాళ్ళను నొప్పిస్తుందేమోనని మామూలు దుస్తులు వేసుకుని, రాత్రిళ్ళు కుంటుకుంటూ మెట్లు దిగివచ్చి, చలిమంట దగ్గర నిలబడి, సంగీతం గురించీ ఫ్రాన్సు మీద తనకున్న ప్రేమ గురించీ చెప్పుకుపోయి, చివరికి శుభరాత్రి అని వెళ్ళిపోతాడు. ఇంటి పెద్దాయన పైపు కాలుస్తుంటాడు. ఆయన మేనకోడలు (ఫ్రెంచి మాటను బట్టి అన్న కూతురూ కావచ్చు, మనకున్నన్ని వరసలు వాళ్ళకు లేవు) తల ఎత్తకుండా అల్లుకుంటూ ఉంటుంది. వినిపించేది గోడ గడియారం. వచ్చినవాడు దుర్మార్గుడైతే పలకకపోవడం తేలికే. ఇంత మర్యాదస్తుడికి, బాఖ్ సంగీతం వాయించేవాడికి, జవాబివ్వకుండా ఉండాలంటే ప్రతి రాత్రీ కొత్తగా పూనుకోవాలి. ఆ శ్రమ సూదులు పట్టిన వేళ్ళలో కనిపిస్తుంది. వెనక నుంచి పెద్దాయన గొంతు కథ చెబుతూనే ఉంది కదా అంటావేమో. ఆ గొంతు తన కళ్ళకు కనబడినదాన్ని బట్టి ఊహిస్తుందే తప్ప, ఆమె మనసులో దూరి భాష్యం చెప్పదు.

నా తొలి కథల్లో ఒకదానిలో ఇల్లాలు మొగుడి ముందు కంచం పెట్టి, మంచినీళ్ళ గ్లాసు పెట్టకుండా లోపలికి వెళ్ళిపోతుంది. కథ అక్కడితో సరి. ఒక వారపత్రిక సంపాదకుడు నన్ను అడగనైనా అడగకుండా "ఆ ఖాళీ చోటు ఆమె ధిక్కారానికి ప్రతీక" అని చేర్చి అచ్చువేశాడు. మా అమ్మ చదివి, "నీళ్ళు పెట్టలేదని తెలిసిందిగా, మళ్ళీ ఈ గొడవేమిట్రా?" అంది. నలభై ఏళ్ళు దాటినా ఆయన మీద నాకు కోపం పోలేదు. ఇప్పుడు ఆ వాక్యాలు చేర్చడానికి సంపాదకులు కూడా అక్కర్లేదు, మీరే రాసుకుంటున్నారు.

వెర్కోర్ అనే మారుపేరుతో జ్యాఁ బ్రూలెర్ రాసిన మూలకథ 1942లో రహస్యంగా అచ్చయింది. మెల్విల్ హక్కులు లేకుండానే, ఆ రచయిత ఇంట్లోనే సినిమా తీశాడు. జర్మన్ ఆక్రమణ మీద ప్రతిఘటనలో పనిచేసినవాళ్ళకు చూపిస్తాననీ, వాళ్ళు కాదంటే నెగెటివ్ తగలబెడతాననీ మాట ఇచ్చి మరీ తీశాడు. నువ్వు నీ వ్యాసమంతా తగలబెట్టనక్కర్లేదు. చివర్లో ఆమె ఆ అధికారితో అనే ఒకే ఒక్క మాట, ఆ వీడ్కోలు మీద రాసిన ఒకటిన్నర పుట తీసేసి తిరిగి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి. వెనక సిరా ఇవతలికి కనబడుతుంటే నాకు చదవడం కష్టంగా ఉంది.