పాత్రను ఊరు దాటించేటప్పుడు

బిడ్డా,

నీ కథ చదివిన. నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు నుంచి మిర్యాలగూడ ఆయకట్టుకు నాట్లకు పోయిన ఆమెను మంచిగ పట్టుకున్నవ్. కానీ మూడు పేజీలు కాలువ, పచ్చటి మళ్లు, కొంగలే ఉన్నయ్. ఇంటి దగ్గర ఆమె ఎట్లున్నదో అక్కడ గూడ అట్లనే ఉంది. అట్లయితే ఊరు దాటించిన ఫాయిదా ఏంది?

సొంతూర్ల మనిషి సగం అలవాటు మీదనే బతుకుతది. కిరాణ దుకాణంల ఉద్దెర పుడతది, నలుగుట్ల మాట చెల్లుతది, చేతికొచ్చిన పని ఉంటది. ఊరు దాటంగనే ఇవి ఊడిపోతయ్, అప్పుడే అసలు గుణం బయటపడతది. అందుకే రాసే ముందర ఒక కాగితం మీద మూడు ముక్కలు పెట్టుకో: ఆమెకు ఉద్దెర ఎవరిస్తరు, ఆమె మాట ఎవరింటరు, ఆమె చెయ్యి ఏ పనిల తిరిగింది. రెండు గుంజుకో, ఒకటి ఉంచు. మూడూ గుంజుకుంటే ఏడుపు తప్ప ఏం మిగలదు. ఏదీ గుంజుకోకపోతే తీర్థయాత్ర అయితది.

నీ ఆమెకు నాటేసే చెయ్యి ఉంచు. ఎకరాకింత అని గుత్త మాట్లాడుకున్నరు గద. పొద్దుగూకినంక మేస్త్రి ఎకరంన్నర అని లెక్క కడతడు. ఎన్ని నారు కట్టలు పంచిందో ఆమెకు ఎరుక. ఆ లెక్కన మడి ఎకరం ముప్పావుకు తక్కువ ఉండది. చెయ్యికి తెలుసు, నోరు లేవదు. పరాయి ఊర్ల ఆమె మాటకు సాక్ష్యం ఎవరు? అక్కడ ఆమె లేస్తదా, ఊకుంటదా, రాత్రి పక్కామె చెవుల ఏస్తదా అన్నదే నీ కథ.

కొత్త చోట పాత్ర చేసే మొదటి పని పాత అలవాటుతోనే చేయించు. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరునీళ్లల్ల ఫ్లోరైడు. పండ్లు గారబట్టి, ఎముకలు వంకరవోయిన తావు అది. మంచినీళ్ల బిందెను మూడు పూటలకు సరిపెట్టుకున్న మనిషి కాలువ పక్కన కూసున్నా గ్లాసుల మిగిలిన నీళ్లు పారబొయ్యది. మళ్లీ బిందెల పోస్తది. పక్కామె నవ్వుతది. ఈ ఒక్క పనితో నీ మూడు పేజీల వర్ణన తీసెయ్యొచ్చు. ఫ్లోరైడు మీద ఆమెతోని ఉపన్యాసం మాత్రం ఇప్పియ్యకు. కథ మిషన్ భగీరథ నల్లాలు వచ్చినంకదైతే ఈ అలవాటు అత్తకుంటది, కోడలికి ఉండకపోవచ్చు. వాళ్లిద్దరినీ కలిపి పంపితే ఇంకింత బాగుంటది.

సాలు సరిచూసుకో. మిర్యాలగూడకు నీళ్లొచ్చేది నాగార్జునసాగర్ ఎడమ కాలువ నుంచి. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967ల. అంతకు ముందటి కథల ఎడమ కాలువ కింద నాట్లు ఎయ్యించకు. 2016 అక్టోబరు దాకా సూర్యాపేట నల్గొండ జిల్లాలనే, కొల్లాపూరు మహబూబ్‌నగర్ల. ఆపీసు పని మీద పాత్ర ఎటు బస్సెక్కాల్నో దీన్నిబట్టే మారుతది.

దారి తగ్గించు. బస్సెక్కింది, దిగింది, చాలు. దారిల ఏదన్నా నిర్ణయం మారితేనే దారి రాయి.

మనిషి కదలకుండ గూడ తావు మారుతది, ఇది మనోళ్లు తక్కువ రాస్తరు. శ్రీశైలం డ్యామ్ల నీళ్లు నిలిచినప్పుడు కృష్ణ ఒడ్డు ఊర్లు మునిగినయ్. ఎండాకాలం మట్టం తగ్గితే కొల్లాపూరు దగ్గరి సోమశిలకు అవతలి దిక్కు సంగమేశ్వరం గుడి తేలుతది. ఏడాదిల కొన్ని నెలలే కనపడే చోటు నీ పాత్రకు పాత ఊరైతే, ఆమె ఏ నెలల వస్తదన్నది నీ చేతుల లేదు, డ్యామ్ నీటిమట్టం చేతుల ఉంది.

ఇగ నీ సంగతి. కలం కదలనప్పుడు తిరిగొస్తే పనైతదా అని అడిగినవ్. ముందు జరిగేది తెలిసి రాయబుద్ధి కాకపోతే పో, పనైతది. ఇంట్ల అదే కుర్చీ, అదే ఫోను, అవే పిలుపులు. ఏం జరగాల్నో తెల్వక ఆగితే మన్ననూరు అడవికి పోయినా ఆ ముడి నీ ఎంటనే వస్తది. అప్పుడు ఎనకకు పోయి, పాత్ర ఎక్కడ తన బుద్ధి ఇడిసి నీ మాట విన్నదో దేవులాడు.

పోతే ఒక్కచోటనే కూసో. దేవరకొండ బస్టాండనుకో: పొద్దున ఆరుకు, మళ్లీ మాపటికి. చూసింది యాదుంటది, ఇన్నది పోతది. అందుకే కూలి రేటు, తిట్టు, ఎవరు ఎవరిని ఏమని పిలిచిండ్రో, అవి రాసుకో. ఫోటోలు తగ్గించు. ఫోటోల అన్నీ ఒకే తీరుగ పడతయ్, పాత్రకేమో ఒకటో రెండో కనపడతయ్. కథను అక్కడ మొదలు పెట్టకు, ఇంటికొచ్చినంక వారం ఆగు.

తర్వాత నోటుబుక్కు తీసి ఒక్కొక్కటి అడుగు: ఇది ఆమెకు కనపడతదా, నాకా? మిర్యాలగూడ మిల్లుల పొగగొట్టాలు నీకు కనపడ్డయ్. ఆమెకైతే ఆరేసిన చీర మీద పడ్డ ఊక బూడిదనే కనపడతది. నీవి కొట్టేసి, ఆమెవి ఉంచు. నారు కట్టల దృశ్యం ముందు రాసి పంపు, మిగిలింది అది చూసినంక మాట్లాడుకుందాం.

— మీ పెదనాయన