ప్యానెల్ మీద కరెంటు, కాలువలో నీళ్లు

బడుల్లో గోడకు పెట్టే టచ్‌స్క్రీన్ ప్యానెళ్లు, ట్యాబులు వచ్చాక పిల్లలు నిజంగానే బాగా నేర్చుకుంటున్నారా, లేక నల్లబల్లే మేలా అని నన్ను అడుగుతుంటారు. ఇరవై ఏళ్లకు పైగా అనంతపురం జిల్లాలో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తున్నాను. కంటికి కనబడనిదాన్ని చూపించడానికి స్క్రీన్‌ను మించింది లేదు. కంటి ముందరే ఉన్నదానికి మాత్రం దాన్ని ఆపేసి, పిల్లల్ని బయటికి పిలుచుకుపోండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఎందుకో ఒకరోజు జరిగింది చెప్తే అర్థమవుతుంది.

మాది తుంగభద్ర ఎగువ కాలువ కింది ఊరు. ఇక్కడ హెచ్చెల్సీ (హై లెవెల్ కెనాల్) అంటేనే అందరికీ తెలుస్తుంది. ప్రభుత్వ బడుల్ని బాగుచేసిన నాడు-నేడు పనుల తర్వాత మా బడికీ పెద్ద ప్యానెల్ వచ్చింది. పదో తరగతికి విద్యుత్తు పాఠం నడుస్తోంది. బల్బుల్ని ఒకదాని తర్వాత ఒకటి వరసగా కలిపే శ్రేణి సంధానం, వేర్వేరు దారుల్లో పక్కపక్కన కలిపే సమాంతర సంధానం ముందురోజే అయిపోయాయి. అన్నీ కలిసి కరెంటును ఎంత అడ్డుకుంటాయో చెప్పే ఫలిత నిరోధం లెక్కలిస్తే క్లాసులో ముప్పావు వంతు తప్పు లేకుండా చేసింది. పరీక్షకైతే అది చాలు. నాకే ఎక్కడో అనుమానం.

మరుసటి రోజు ప్యానెల్ మీద ఫెట్ తెరిచాను. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్, ఆ మరుసటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన సిమ్యులేషన్లు ఇవి, అంటే స్క్రీన్ మీదే చేసి చూసుకునే ప్రయోగాలు. పైసా కట్టనక్కర్లేదు. సర్క్యూట్ కట్టేదాంట్లో బ్యాటరీ, తీగలు, బల్బులు వేలితో లాగి అతికించుకోవచ్చు. తీగల్లో ఎలక్ట్రాన్లు నీలం చుక్కలుగా కదులుతుంటాయి. బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొసలూ తీగతో కలిపేస్తే మంటలు లేస్తాయి. అది చూడ్డానికి చివరి బెంచీ పిల్లలు కూడా ముందుకొచ్చేస్తారు.

బ్యాటరీకి రెండు బల్బులు వరసగా తగిలించి, స్విచ్చి వెయ్యకుండా అడిగాను, ఏది ఎక్కువ వెలుగుతుందని. 41 మందిలో 34 మంది మొదటి బల్బుకే చెయ్యెత్తారు. నిన్న లెక్కలు తప్పు లేకుండా చేసినవాళ్లు కూడా ఎత్తారు. మూడో వరసలో కూర్చునే అమ్మాయిని ఎందుకని అడిగాను.

"మా సేను కాలువ సివర ఉంది సార్. మొదట్లో ఉండేటోళ్లకే నీళ్లన్నీ. మాకాడికి వచ్చేసరికి ఏముంటాయి? కరెంటు గూడా అంతే గదా."

నాకు నోట మాట రాలేదు. ఆ పిల్ల పాఠం వినక తప్పు చెప్పలేదు. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో విన్నది, చేలో చూసింది చెప్పింది. ఇన్నేళ్లూ ఎంతమంది పిల్లలు ఈ కాలువను మనసులో పెట్టుకునే నా దగ్గర లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నారో!

ఆ అమ్మాయినే వచ్చి స్విచ్చి వెయ్యమన్నాను. చుక్కలు మొదటి బల్బు దాటాయి, రెండోదీ దాటాయి. వేగం తగ్గలేదు, పలచబడలేదు. బ్యాటరీ 9 వోల్టులు, ఒక్కో బల్బు 10 ఓములు. కరెంటును కొలిచే అమ్మీటరు బల్బుల ముందు పెట్టినా, మధ్యలో పెట్టినా, చివర పెట్టినా 0.45 ఆంపియర్లే. మూడో బల్బు తగిలించాం. కరెంటు 0.30కి పడిపోయింది, మూడూ ఒకేలా మసకబారాయి. సరిగ్గా అప్పుడే బడికి కరెంటు పోయింది.

బీరువాలోంచి రెండు సెల్లులు, రెండు టార్చి బల్బులు తీసి బల్ల మీద అదే సర్క్యూట్ కట్టించాను. మొదటి బల్బు బాగా వెలిగింది, రెండోది మసగ్గా ఉంది. క్లాసంతా ఒకటే గోల. "స్క్రీన్ అబద్ధం సెప్పింది సార్!" నాకు చెమటలు పట్టాయి. ఒక పిల్లవాడు, వాళ్ల నాన్నకు మోటర్ల వైండింగ్ అంగడి ఉంది, నన్నడక్కుండానే రెండు బల్బుల్నీ అటుదిటు మార్చేశాడు. ఇప్పుడు రెండో స్థానంలో ఉన్నదే బాగా వెలిగింది. తేడా చోటులో లేదు, బల్బులో ఉంది. రెండింటిలోనూ ఒకే కరెంటు పోతున్నప్పుడు నిరోధం ఎక్కువున్న బల్బే ఎక్కువ వెలుగుతుంది. ఆ మాట నేను చెప్పేలోపలే వాడు చేతులతో చూపించేశాడు.

కాసేపటికి ఆ అమ్మాయి మళ్లీ లేచింది. "అంటే తీగలో మధ్యన ఎవురూ మోటరు పెట్టి తోడుకోరు, అందుకేనా సార్?"

అందుకే. కాలువలో నీళ్లు దారిపొడుగునా తోడేస్తారు. తీగలో బయల్దేరిన కరెంటు తగ్గకుండా తిరిగి బ్యాటరీకి చేరుతుంది, బల్బుల్లో ఖర్చయ్యేది శక్తి. సమాంతర సంధానానికొస్తే ఆ అమ్మాయి కాలువే నాకు పనికొచ్చింది. పిల్లకాలువలు విడిపోయినట్టు కరెంటు విడిపోతుంది, అన్నీ కలిపితే మొదట బయల్దేరినంతే.

అందుకే స్క్రీన్ వద్దనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఎలక్ట్రాను నడకను సుద్దముక్కతో చూపించలేను. కానీ పిల్లల్ని కూర్చోబెట్టి అరగంట వీడియో పెట్టడాన్ని పాఠం అంటే అసలు ఒప్పుకోను. ఒకసారి ఒక బడికి వెళ్తే, గోడకు అవతల వేరుశనగ చేను పూతకొచ్చి ఊడలు దిగుతోంది, లోపల పిల్లలు తలుపులు మూసుకుని వేరుశనగ కాయ ఎలా ఊరుతుందో వీడియో చూస్తున్నారు! నాలుగడుగులేసి ఒక మొక్క పీకితే ఊడలూ కనబడతాయి, వేళ్ల మీద బుడిపెలూ కనబడతాయి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉంటుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బ్యాక్టీరియా పనిచేస్తోందనడానికి అదే గుర్తు. ఆ పిల్లల్లో సగం మంది పొద్దున్నే కలుపు తీసి బడికొచ్చినవాళ్లు.

ఇంకో బాధ. టెక్నాలజీ అనగానే మా ఫోన్లలో యాప్‌లు పెరిగాయి. కొన్నాళ్లు హాజరు ఒకదాంట్లో, భోజనం ఒకదాంట్లో, ఫొటోలు ఇంకోదాంట్లో పెట్టాల్సొచ్చేది. సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని వరండాలో తిరిగే టీచరుకు మొదటి పీరియడ్‌లో సగం అక్కడే పోతుంది. పిల్లవాడి ముందుకు రావాల్సిన టెక్నాలజీ నా నెత్తి మీద కూర్చుంది.

మీరు కూడా టీచరే అయితే ఫెట్‌ను డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, నెట్ లేకపోయినా నడుస్తుంది. స్విచ్చి వేసేముందు ఏమవుతుందో పిల్లల్ని అడగండి, చేతులు లెక్కపెట్టండి. టార్చి బల్బులు ఒకే రేటింగువి (మీద రాసుండే వోల్టులు, ఆంపియర్లు ఒకటే ఉన్నవి) చూసి కొనండి. ఆ రోజు మమ్మల్ని తికమకపెట్టినలాంటి వేరే రేటింగు బల్బు ఒకటి కూడా దాచిపెట్టుకోండి, నాది నా దగ్గర ఇప్పటికీ ఉంది.