స్మార్ట్ మీటర్ వద్దంటే నెలనెలా డబ్బు ఎందుకు కట్టాలి?

కాలిఫోర్నియాలో వైర్‌లెస్ స్మార్ట్ మీటర్ వద్దని పాత మీటర్ పెట్టించుకుంటే కరెంటు కంపెనీ విడిగా ఫీజు వేస్తుంది. ఇది న్యాయమేనా అన్నది ప్రశ్న.

కంపెనీ లెక్క ఇలా ఉంటుంది. స్మార్ట్ మీటర్ రీడింగ్‌ని రేడియో ద్వారా తనే పంపుతుంది. పాత మీటరైతే మనిషి బండేసుకుని వచ్చి, గేటు తీసుకుని లోపలికెళ్లి, ముళ్లు చూసి రాసుకోవాలి. ఇదివరకు వీధి మొత్తానికి పంచుకున్న ఆ ఖర్చు ఇప్పుడు ఒక్క ఇంటి మీద పడుతుంది.

2012 ఫిబ్రవరిలో కరెంటు చార్జీలు నిర్ణయించే రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్, పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అనే కరెంటు కంపెనీ వినియోగదారులకు మొదట 75 డాలర్లు, ఆపై నెలకు 10 డాలర్లు అని ఖరారు చేసింది. తక్కువ ఆదాయం వాళ్లకు మొదట 10, ఆపై నెలకు 5 డాలర్లు. 2014లో నెలవారీ ఫీజు మూడేళ్లకు మించకూడదని తేల్చింది. అదే 2012లో వెర్మాంట్ రాష్ట్రం అసలు ఫీజే వసూలు చేయకూడదని చట్టం చేసింది.

ఇంతకీ స్మార్ట్ మీటర్ ఎందుకు వద్దంటారు? దాని రేడియో సిగ్నల్ వల్ల వచ్చే రేడియేషన్ గురించి టెన్షన్ పడేవాళ్లు ఒకటి గమనించాలి: అపార్ట్‌మెంట్‌లో మీటర్లన్నీ ఒకే గోడకు ఉంటే, మీది ఒక్కటి మారినా పక్కవి సిగ్నల్ పంపుతూనే ఉంటాయి. నాకు బలంగా తోచే కారణం ప్రైవసీ. స్మార్ట్ మీటర్ వల్ల గంటగంటకీ వాడకం తెలిస్తే ఇంట్లో ఎవరూ లేని వేళలు కూడా తెలిసిపోతాయి. అది దాచుకునే హక్కుకి, అందులోనూ పేదవాళ్ల దగ్గర, ఎప్పటికీ తీరని ఫీజు పెట్టడం తప్పే. గడువున్న ఫీజైతే ఒప్పుకోవచ్చు.