పొట్టి రైఫిల్ బిగించుకోబోతున్న మా శ్రీకాంత్‌కి

చిరంజీవి శ్రీకాంత్‌ని పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "పిల్లాడు తుపాకీ గొట్టం పొట్టిది పెట్టిస్తాడట, అదేమన్నా నేరమా బావగారూ?" అని అడిగింది. కాగితం ముందు, గొట్టం తర్వాత అయితే నేరం కాదమ్మా అని చెప్పాను. నువ్వు రెండేళ్ళు పదహారంగుళాల గొట్టమున్న ఏఆర్-15 రైఫిల్‌తో చెయ్యి కుదుర్చుకున్నాకే ఈ మాట ఎత్తావు. అది నాకు చాలా సంతోషం. నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

కాగితం సంగతి ముందు. బ్యారెల్, అంటే గొట్టం, 16 అంగుళాల కన్నా తక్కువైనా, మొత్తం రైఫిల్ 26 అంగుళాల కన్నా తక్కువైనా 1934 నాటి ఫెడరల్ చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం కింద కట్టాల్సిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. పన్ను పోయింది కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా పోయిందనుకుంటున్నారు కొందరు. పోలేదు. టెక్సాస్ 2025లో పొట్టి రైఫిళ్ళని తన నిషేధ జాబితాలోంచి తీసేసినా ఫెడరల్ చట్టం అలాగే ఉంది. తుపాకుల సంగతి చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కి ఫారం 1 (పొట్టి రైఫిల్ చేసుకునే దరఖాస్తు), వేలిముద్రలు, ఫొటో పంపి ఆమోదం వచ్చేదాకా పొట్టి అప్పర్, అంటే బ్యారెల్ ఉండే పై సగం, ఇంటికి తేవద్దు. ఇంట్లో లోయర్ (ట్రిగ్గర్ ఉండే కింది సగం) ఉండగా పక్కన అది ఉంటే, బిగించకపోయినా కేసు పెట్టే వీలుంది. ఆమోదం వచ్చాక లోయర్ మీద నీ పేరు, ఊరు, రాష్ట్రం చెక్కించు. రాష్ట్రం దాటించాలంటే ఏటీఎఫ్‌కి ముందే రాసి అనుమతి తీసుకోవాలి. మీ బావమరిది ఉండే న్యూజెర్సీకి ఆ ఊసే వద్దు.

ఇంకోటి, నా గుండెల్లో రాయిలా ఉన్నది. నీకు గ్రీన్ కార్డు వచ్చింది, కోడలు ఇంకా హెచ్-1బీ మీదే ఉంది. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సులాంటి మినహాయింపు లేకపోతే, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. "ఒక్కసారి కాల్చి చూస్తా" అన్నా సరే, చేతికివ్వకు. సేఫ్ తాళం, నంబరు నీ ఒక్కడికే తెలియాలి. ఆఫీసు స్నేహితుల్ని రేంజ్‌కి తీసుకెళ్ళినా ఇదే లెక్క. సరదా కోసం వాళ్ళ కాగితాలు పాడుచెయ్యకు.

ఇక క్యాలిబర్, అంటే తూటా సైజు. ఇప్పుడు నీ రైఫిల్లో వాడే 5.56 పుట్టింది 20 అంగుళాల బ్యారెల్ కోసం. 55 గ్రెయిన్ల (గుండు బరువు కొలత అది) గుండు అందులో సెకనుకు 3,200 అడుగుల దరిదాపుల్లో పోతుంది, 10.5 అంగుళాల్లో 2,700కి పడిపోతుంది. కాలని మందు బయటికొచ్చి మంటా మోతా అవుతుంది. 300 బ్లాకౌట్ అనే ఇంకో తూటాలో త్వరగా కాలే మందు కొద్దిగా ఉంటుంది కాబట్టి 9 అంగుళాల్లోనే దాదాపు పనంతా అయిపోతుంది. 110, 125 గ్రెయిన్ల వేగం తూటాలూ, ధ్వనివేగం దాటని 190 నుంచి 220 గ్రెయిన్ల బరువు తూటాలూ అదే బ్యారెల్లో కాల్చవచ్చు. ధర మాత్రం 5.56 కన్నా బాగా ఎక్కువ. రేంజ్‌లో కాల్చడమే ఎక్కువైతే 5.56, 11.5 అంగుళాలు తీసుకో. రాంచ్‌లో వంద గజాల లోపు, మోత తగ్గించే సప్రెసర్‌తో అడవిపందుల మీదికైతే 300, 9 అంగుళాలు, లోపలి గాడులు 7 అంగుళాలకొక చుట్టు తిరిగే బ్యారెల్. పంది మీద వేగం తూటానే వాడు. నెమ్మది తూటా ఆ వేగంలో విచ్చుకునేలా ప్రత్యేకంగా చేసింది కాకపోతే సన్నగా దూసుకుపోతుంది, జంతువు గాయంతో పొదల్లో పడి నరకం చూస్తుంది.

నువ్వు 300 అప్పర్ కొని, ఉన్న 5.56 అప్పర్‌ని కూడా ఉంచుకుంటానన్నావట. భయం అక్కడే. ఎంతోమంది తెలిసీ చేసిన పాత పొరపాటు అది. 300 తూటా గుల్లని 5.56 కుటుంబపు గుల్లనే కోసి, పొట్టిచేసి, మెడ వెడల్పు చేసి తయారు చేశారు. అడుగు అదే, బోల్ట్ (తూటా వెనక మూసే ముక్క) అదే, మ్యాగజైన్ అదే. దాని సుగుణమూ అదే, దాని ప్రమాదమూ అదే. మ్యాగజైన్లో పైనున్న తూటాని చూస్తే కనబడేది గుల్ల పక్కభాగం, గుండు ముక్కు. హడావిడిలో తేడా పట్టుకోలేవు. 300 తూటా 5.56 ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే అరలోకి, వెళ్తే 0.308 అంగుళాల గుండు ముక్కు ఛాంబర్ భుజానికి తగిలి ఆగుతుంది. పొడుగు గుండైతే బోల్ట్ మూతపడదు, బతికిపోయావన్నమాట. ముక్కు సన్నగా ఉన్న తేలిక గుండైతే, లేదా దెబ్బకి గుండు గుల్లలోకి వెనక్కి జారితే, బోల్ట్ మూతపడిపోతుంది. నువ్వు ట్రిగ్గర్ నొక్కుతావు. 0.308 గుండు 0.224 రంధ్రంలో దూరలేదు. ఒత్తిడంతా వెనక్కి తిరిగి బోల్ట్ పగులుతుంది, రిసీవర్ చీలుతుంది, మ్యాగజైన్ కిందికి ఎగిరిపోతుంది. నీ చెంప అక్కడే ఆనించి ఉంటుంది నాన్నా.

బోల్ట్ పూర్తిగా మూతపడలేదని దాన్ని ముందుకు నెట్టే బొత్తాం, ఫార్వర్డ్ అసిస్ట్ మీద అరచేత్తో బాదడం చాలామందికి అలవాటు. మానెయ్. మూతపడకపోతే మ్యాగజైన్ తియ్యి, తూటాని బయటికి లాగు, గుల్ల అడుగున ముద్రించింది చదువు. 300కి వేరే రంగు మ్యాగజైన్లు కొను, లేదా అడుగున ఎర్ర పట్టీ చుట్టు, చీకట్లో వేలికి తగిలేంత మందంగా. తూటాలు విడివిడి డబ్బాల్లో ఉండాలి. జేబులో, కారు సీట్లో విడి తూటా ఒక్కటీ వద్దు. రేంజ్‌కి వెళ్ళే రోజున రెండు క్యాలిబర్లూ ఒకే సంచిలో పట్టుకెళ్ళకు. మొదటి ఏడాది ఒక్కటే ఉంచుకుంటే ఇంకా మంచిది.

బిగింపు సంగతులు. 300కి పిస్టల్ లెంగ్త్ గ్యాస్ (బోల్ట్‌ని వెనక్కి నెట్టే గ్యాస్ రంధ్రం ఛాంబర్‌కి బాగా దగ్గరగా ఉండే రకం) చూసుకో, లేకపోతే నెమ్మది తూటాలకు బోల్ట్ వెనక్కి రాదు. 5.56లో 10.5 కన్నా 11.5 ఎందుకంటే, గ్యాస్ రంధ్రం దాటాక గుండు ఇంకో అంగుళం లోపలే ఉంటుంది, రంధ్రం మరీ పెద్దది చెయ్యక్కర్లేదు. సప్రెసర్ పెడితే గ్యాస్ మొహానికి కొడుతుంది, హెచ్2 బఫర్ (బోల్ట్ వెనక ఉండే బరువు ముక్క) వెయ్యి. హ్యాండ్‌గార్డ్ చివర హ్యాండ్ స్టాప్ (చెయ్యి జారకుండా ఆపే ముక్క) తప్పనిసరి. పొట్టి రైఫిల్లో ఎడమచెయ్యి తెలియకుండా ముందుకు జారి గొట్టం మూతి ముందుకు వెళ్తుంది. మోత పెంచే మజిల్ బ్రేక్ గొట్టం మూతికి వద్దు. చెవికి ప్లగ్‌లు, పైన మఫ్‌లు, రెండూ పెట్టుకో. పోయిన వినికిడి తిరిగి రాదు. రెడ్ డాట్‌ని (ఎర్ర చుక్కతో గురి చూపే సాధనాన్ని) 50 గజాలకు సరిచేసుకో. చుక్క బ్యారెల్ కన్నా రెండున్నర అంగుళాల పైన ఉంటుంది కాబట్టి దగ్గరి గురికి గుండు అంత కిందికి తగులుతుంది. నెమ్మది తూటాతోనే 50 గజాలకు సరిచేసినా, అది వంద గజాల్లో ఆరేడు అంగుళాలు దిగుతుంది. రెండు రకాలకీ గురి వేరువేరు, చీటీ మీద రాసి స్టాక్‌కి అంటించుకో.

చిన్నప్పుడు దీపావళికి పేలని లక్ష్మీబాంబు దగ్గరికి పరిగెత్తి, వంగి చూసేవాడివి. ఎన్నిసార్లు జుట్టు పట్టి వెనక్కి లాగామో. ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మని ఊరుకుందనుకో, గొట్టం గురివైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగు. తుస్సుమని బలహీనంగా పేలిందనుకో, ఇంకో తూటా ఎక్కించకు. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, గొట్టంలో గుండు ఇరుక్కుందేమో వెలుతురు పెట్టి చూడు. నెమ్మది తూటాల్లో ఆ తేడా చెవికి సరిగా తెలియదు.

ఇంటికొచ్చి బుజ్జిదాన్ని ఎత్తుకునే ముందు చేతులు చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి కడుక్కో, చొక్కా మార్చుకో, సీసం దుమ్ము ఉంటుంది. మ్యాగజైన్లకు ఎర్ర పట్టీలు చుట్టాక ఒక ఫొటో తీసి పంపు.

మీ పెదనాన్న