సోయా గింజ నిండుగానే ఉంది.. మరి మొలవదేం?

ప్రశ్న: నిరుడు పండిన సోయాచిక్కుడులోంచి మంచి గింజ ఏరి దాచుకున్నాను. జూన్ మూడో వారంలో 3 ఎకరాల్లో వేశాను. పదును బాగానే ఉంది, సగం కూడా మొలవలేదు. నిరుడు కోతకొచ్చాక వారం రోజులు ముసురు పట్టింది, తర్వాత హార్వెస్టర్‌తో కోయించాను. లోపం భూమిదా, విత్తనానిదా?
– ఒక రైతు, కుబీర్ మండలం, నిర్మల్ జిల్లా

జవాబు: మూడెకరాల విత్తనం, దుక్కి ఖర్చు మట్టిపాలైతే ఎంత కష్టమో తెలుసు. మీరు చెప్పినదాన్ని బట్టి లోపం భూమిది కాదు. మొలక శక్తి నిరుడు చేను మీదే పోయింది.

ఒక గింజను అరచేతిలో పెట్టుకుని చూడండి. నల్లటి కన్ను పక్కన సన్నటి గీతలా ఉబ్బెత్తు కనిపిస్తుంది. అదే రేపటి తల్లివేరు. దానికి పైన కాపలా పల్చటి పొట్టు ఒక్కటే. ముదిరిన కాయ ముసురులో తడిస్తే లోపలి గింజ ఉబ్బుతుంది, ఎండ కాయగానే ముడుచుకుంటుంది. ఇలా రెండు మూడుసార్లయితే పొట్టు చిట్లి, ఆ సందుల్లోంచి బూజు చేరుతుంది. ఆపైన హార్వెస్టర్ డ్రమ్ము దెబ్బ. ఆరాక గింజ నిండుగానే కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. గింజ పాలుపోసుకునేటప్పుడు బెట్ట తగిలినా మొలక బలహీనపడుతుంది.

మిగిలిన విత్తనంలోంచి గుప్పెడు గింజలు తీసి నీళ్లలో వేయండి. 5–10 నిమిషాల్లోనే ఉబ్బినవి పొట్టు చిట్లినవి. తర్వాత ఏరకుండా 100 గింజలు తీసి, తడి గోనెసంచిలో వరుసగా పేర్చి చుట్టి నీడలో ఉంచండి. వారంలోపు 70 మంచి మొలకలు రావాలి. 60 వస్తే ఎకరాకు 30 కిలోల బదులు 35 కిలోలు వేయండి. 50 దాటకపోతే ఆ విత్తనం వద్దు. సోయా గింజను నానబెట్టి మాత్రం విత్తకండి.

మొక్కలు మరీ పలచగా ఉంటే, జూలై 15 లోపు పదును దొరికితే మంచి విత్తనంతో మళ్లీ వేయండి, 3–4 సెం.మీ. లోతు మించవద్దు. నల్లరేగడి పైపొర గట్టిపడితే, పప్పుబద్దలను మోసుకుంటూ పైకొచ్చే మొలక మెడ విరిగిపోతుంది. జూలై 15 దాటితే కంది మేలు.

వచ్చే ఏడాది విత్తనానికి నీరు నిలవని అర ఎకరం ఇప్పుడే వేరుగా పెట్టుకోండి. కాయ నిండే దశలో బెట్టైతే ఒక తడి ఇవ్వండి. కాయలు గోధుమరంగుకు తిరగగానే కోసి, టార్పాలిన్ మీద కర్రలతో నెమ్మదిగా కొట్టించండి. తేమ 12 శాతానికి తగ్గేదాకా ఆరబెట్టి గోనెసంచుల్లో నింపి, చెక్కల మీద 4–5 సంచుల ఎత్తుకు మించకుండా పేర్చండి. సంచులను ఎత్తు నుంచి పడేయనివ్వకండి.