పేదరికం మాటపట్టు మనది, లెక్చరర్లది కాదు

ప్రియమైన సిస్టర్,

మన ప్రొవిన్స్ మఠాలన్నిటికీ పెద్ద అయిన ప్రొవిన్షియల్ మదర్ ఉత్తర్వు అందిందని, జూన్‌లో నల్లగొండ కాలేజీలో ప్రిన్సిపాల్‌గా చార్జి తీసుకుంటున్నావని తెలిసి సంతోషించాను. పీహెచ్‌డీ ఉంది, పదిహేనేళ్లు పాఠాలు చెప్పావు, యూజీసీ అడిగేవన్నీ నీ దగ్గర ఉన్నాయి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైళ్ల గురించి, మహాత్మా గాంధీ యూనివర్సిటీకి పంపే అఫిలియేషన్ కాగితాల గురించి నేను చెప్పేదేం లేదు. ఆఫీసు సూపరింటెండెంట్‌ను పక్కన కూర్చోబెట్టుకో, నాకంటే బాగా చెప్తారు. నేను రాసేది డబ్బు గురించి. మన సిస్టర్లం ఆ మాట ఎత్తడానికి మొహమాటపడతాం.

మఠసభ్యురాలు సంపాదించినదంతా ఆమె మఠసభదేనని తిరుసభ (కతోలిక చర్చి) చట్టం 668వ నియమం చెబుతుంది. బ్యాంకులో పడ్డ జీతం కమ్యూనిటీకి వెళ్తుంది, చెప్పు తెగితే లెక్కలు చూసే సిస్టర్‌ను అడిగి కొనుక్కుంటాం. (ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టుల్లో ఉన్న సిస్టర్లు ఈ మాటే చెప్పి జీతంలో టీడీఎస్ (పన్ను కోత) వద్దన్నారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి జీతం మఠానికే పోయినా పన్ను కాగితాలు మాత్రం నీ పేరు మీదే ఉంటాయి, చూసుకో.) ఈ పద్ధతి మన ఆత్మకు మంచిదే. ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నాకే దీంతో చిక్కు. ఒకటో తారీకు వస్తోందంటే మనకు ఏ టెన్షనూ ఉండదు. ఇంటి కిరాయి, చిట్టీ, పిల్లల ఫీజు, అత్తమ్మ బీపీ గోళీలు మన లెక్కల్లో లేవు. అందుకే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాని నెలలో, "కొంచెం ఓపిక పట్టండి, ఇది సేవ కదా" అని స్టాఫ్ మీటింగులో అనేస్తాం. ఆ మాట నీ నోట రానీయకు. పేదరికంలో బతుకుతామని దేవుడి ముందు మాటపట్టు తీసుకున్నది మనం. వాళ్లు ఉద్యోగానికి వచ్చారు.

మన దగ్గర చదివేవాళ్లలో ఎక్కువ మంది దేవరకొండ తండాల నుంచి, మునుగోడు, మర్రిగూడ ఊళ్ల నుంచి రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడి వచ్చేవాళ్లే. బకాయిల కోసం ప్రైవేటు డిగ్రీ కాలేజీలు మూతపెట్టి రోడ్డెక్కిన రోజులు నువ్వూ చూశావు. ఆ డబ్బు వస్తుంది, కానీ ఎప్పుడన్నది ఎవరి చేతిలోనూ లేదు. అడ్మిషన్ల రోజుల్లో చేతికొచ్చిన ఫీజులో కొన్ని నెలల జీతాలు ముందే తీసి వేరే ఖాతాలో పెట్టు. ఆ తర్వాతే గేటుకు కొత్త ఆర్చి, గ్రోటోకు (మరియమాత గుహకు) గ్రానైటు. మరియమాత ఏమీ అనుకోదు. అప్పటికీ సరిపోకపోతే ముందు స్వీపర్లకు, అటెండర్లకు, ఆ తర్వాత లెక్చరర్లకు, అందరికన్నా చివర నీకు. మిగతాది ఏ తారీకుకు ఇస్తావో చెప్పు, లేదా ఇంకా తెలియదని చెప్పు. ప్రొవిన్స్ నుంచి అప్పు తెస్తే అప్పు అనే రాయించు. కాన్వెంటు గ్యాసు, బండి డీజిలు కాలేజీ పద్దులోకి రాకూడదు. ఇక్కడ మాత్రం నువ్వు గట్టిదానివని పేరొచ్చినా ఫర్వాలేదు.

ఇదే డబ్బు ఇంకో రూపంలో ఆఫీసు కిటికీ దగ్గర కనిపిస్తుంది. ఫైనలియర్ అయిన పిల్లకు హైదరాబాద్‌లో పీజీ సీటొచ్చి టీసీకి వస్తుంది. "నీ రీయింబర్స్‌మెంట్ పడలేదు, కట్టి తీసుకుపో" అంటాడు క్లర్కు. ఒరిజినల్స్ పట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. అది చెప్పకపోయినా, ప్రభుత్వం బాకీకి ఆ పిల్లను జామీను పెట్టుకోవడం ఏం న్యాయం? మొదటి వారంలోనే బీరువా తెరిపించి అక్కడ ఎవరెవరి మెమోలు ఉన్నాయో నువ్వే చూడు. దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్) అడ్మిషన్లలో కూడా జాగ్రత్త. పిల్ల ఫోనుకు వచ్చిన ఓటీపీ తీసుకుని మన కాలేజీ ఒక్కటే ఆప్షన్ పెట్టించే మనుషులు ఉంటారు, సీట్లు నింపుతామని నీ దగ్గరికీ వస్తారు. కాఫీ కూడా ఇవ్వకు.

పెళ్లిళ్ల సీజన్‌లో సెకండియర్ పిల్లల తండ్రులు టీసీ అడుగుతూ వస్తారు. వాళ్లను మందలించకు. ముందు తల్లితో మాట్లాడు. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి కింద వచ్చే రూ.1,00,116 డిగ్రీ అయ్యాక పెళ్లి చేసినా వస్తాయని చెప్పు. మా రోజుల్లో నేను చెప్పిన నీతుల కంటే ఇలాంటి లెక్కే ఎక్కువ పనిచేసింది. అయినా పెళ్లి ఆగకపోతే, తాళితో క్లాసుకు రావచ్చని అత్తగారింటికి కబురు పెట్టు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు టికెట్టు బాధ లేదు, బస్సులు కిటకిటలాడటమే బాధ. డిపో మేనేజర్‌ను నువ్వే వెళ్లి కలువు. సాయంత్రం ఒక బస్సు టైం మారితే ఎంతమంది చదువు నిలబడుతుందో అటెండెన్స్ రిజిస్టరులో కనబడుతుంది.

బతుకమ్మ ఆడాలా వద్దా అని ఎవరైనా సిస్టర్ అడిగితే చర్చ పెట్టకు, తంగేడు పూలు తెప్పించు.

కాన్వెంటులో నువ్వు ప్రిన్సిపాల్‌వి కాదు. అక్కడ సుపీరియర్ వేరే ఉన్నారు, నీకంటే చిన్నవారు కావచ్చు. కాలేజీ గొడవలు భోజనాల బల్ల దగ్గరికి తేకు. వంట వంతు వచ్చిన రోజు మీటింగు ఉందని తప్పించుకోకు. యూజీసీ నిబంధనలు ప్రిన్సిపాల్‌కు ఐదేళ్లు అంటాయి, ఇంకో ఐదేళ్లు పొడిగించవచ్చంటాయి. మనకు మాత్రం ఏ మే నెలలోనైనా ట్రాన్స్‌ఫర్ ఉత్తరం రావచ్చు. అందుకని దోస్త్, ఈ-పాస్ (స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు) లాగిన్లు, బ్యాంకు సంతకాల వివరాలు, ఎవరికెంత జీతం బాకీ ఉందన్న పట్టీ ఒక్కచోట రాసి బీరువాలో పెట్టు, నెలనెలా సరిచెయ్. నీ తర్వాత వచ్చే సిస్టర్ ఒకటో తారీకు జీతాలు ఆపకుండా ఇవ్వగలగాలి.

చార్జి తీసుకునే ముందు ఆడిట్ రిపోర్టులు పట్టుకుని ఒకసారి రా, కలిసి చూద్దాం. సాయంత్రం జపమాల అయ్యాక నేను ఖాళీయే.

ప్రభువు నీకు తోడుండుగాక.

నీ పాత ప్రిన్సిపాల్ సిస్టర్